తిరగేసి చూసిన ఉన్ని రగ్గులు

పోయిన నెల షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఒక సీమంతానికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్కన ఒకమ్మాయి కూర్చుంది. పేరు శ్రేయ. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. పాత బట్టల్నీ తివాచీల్నీ కాపాడే చదువేదో చదివి, ఒక మ్యూజియం ల్యాబ్‌లో చేరబోతోందట. మన పిల్లల్లో ఇటువైపు వచ్చినవాళ్ళని నేను అంతవరకు చూడలేదు. సంతోషంగా పలకరించాను.

"ఆంటీ, మీరు లైఫ్ అంతా ఇదే వర్క్ చేశారంట కదా, మామ్ చెప్పింది. సో పీస్‌ఫుల్ కదా ఆంటీ ఆ జాబ్. జస్ట్ రగ్స్, వుల్, సైలెన్స్," అంది.

తింటున్న బొబ్బట్టు ప్లేట్లో పెట్టేశాను. పీస్‌ఫుల్ అట. పాత ఉన్ని రగ్గులతో గడిపిన నా జీవితంలో నేను నోరు తెరిచి నిలబడిపోయిన రోజులే ఎక్కువ. కొన్నిసార్లు కోపంతో, కొన్నిసార్లు భయంతో, ఒకసారి మాత్రం ఏ పేరూ పెట్టలేని నిర్ఘాంతపాటుతో. ఆ సందట్లో ఆ పిల్లకి ఇదంతా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. శ్రేయ తెలుగు చదవలేదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తానంది. నాకెన్ని మెచ్చుకోళ్ళు వచ్చాయో, జీతం ఎప్పుడు పెరిగిందో ఇందులో ఉండవు. అవి నాకే గుర్తులేవు.

నేను చేసిన పని

మా ఏలూరులో రగ్గు అంటే చలికి కప్పుకునేది. మా పెద్దమ్మ పోయేదాకా నేను అమెరికాలో దుప్పట్లు కుడుతున్నాననే అనుకుంది. చెప్పి చెప్పి విసుగొచ్చి ఊరుకున్నాను. ఇక్కడ రగ్గు అంటే నేల మీద పరిచే తివాచీ. షికాగో వెళ్ళే రైలు దారిలో ఒక చిన్న ఊళ్ళో వాల్ట్ అనే పెద్దమనిషి పాత రగ్గులు ఉతికి, బాగుచేసి, వాటి విలువ కట్టే షాపు నడిపేవాడు. నా వర్క్ పర్మిట్ వచ్చిన కొత్తలో, కుట్టుపని వచ్చా అని అడిగి నన్ను చేర్చుకున్నాడు. సుభద్ర అనడానికి నోరు తిరగక, మొదటి రోజే నన్ను 'సూ' చేసేశాడు. ఆయన పోయాక ఆ షాపు నేనే నడిపాను. ఇప్పుడు వేరే రాష్ట్రంలో, కాపెల్‌లో మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో ఉంటూ, ఎవరి రగ్గూ ముట్టుకోకుండా హాయిగా ఉన్నాను.

మా దగ్గరికి ఇరాన్ తివాచీలూ వచ్చేవి గానీ, వాల్ట్ ప్రాణమంతా అమెరికా రగ్గుల మీదే. నవహో తెగ నేతగాళ్ళు మగ్గం మీద నేసినవి, పాత ఉన్ని గుడ్డల్ని జడల్లా అల్లి చుట్టలుగా కుట్టినవి, తూర్పు రాష్ట్రాల మిల్లుల్లో తయారైనవి. అన్నిటికన్నా ఆయనకి ఇష్టమైనవి హుక్డ్ రగ్గులు. చలికాలం ఇళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళు చిరిగిన కోట్లూ, పిల్లలకి పొట్టైపోయిన గౌన్లూ పీలికలుగా కోసి, చట్రానికి బిగించిన గుడ్డలోంచి కొక్కెంతో ఒక్కో ముడిగా పైకి లాగి బొమ్మలు వేసేవారు. ఇల్లు, కుక్క, పువ్వులు, గుర్రబ్బండి, ఏది తోస్తే అది. అప్పుడు కాళ్ళ కింద వేసుకున్నవాటిని ఇప్పుడు గోడలకి ఎక్కించి, ఒకరితో ఒకరు పోటీలు పడి కొంటున్నారు.

చేరిన మొదటి వారంలో వాల్ట్ అలాంటి రగ్గుని బల్లమీద బోర్లా వేశాడు. చూసి నిర్ఘాంతపోయాను. వెనక ఉన్నది గోనెసంచి. అచ్చంగా గోనె, దాణా బస్తాల అచ్చు కూడా చెరగలేదు. మా నాన్న పనిచేసింది గోనె మిల్లులో. ఆ వాసన నాకు పుట్టుకతో తెలుసు. అమెరికావాళ్ళు దీపాలు పెట్టి చూసుకునే వస్తువు అడుగున మా నాన్న చొక్కా వాసన వస్తోంది. "ఇదా మీ గొప్ప ఆర్టు?" అన్నాను. వాల్ట్ ఏమీ అనుకోలేదు. "వెనక చూశాక కూడా ముందువైపు నచ్చితే, అప్పుడు అది గొప్పదే," అన్నాడు.

ఆయన పద్ధతి అది. రగ్గు రాగానే బోర్లా వెయ్యాలి. ముందువైపు చివర్న చూడాలి. తెచ్చినవాళ్ళు చెప్పే కథ అంతకన్నా చివర్న వినాలి. ముందే వింటే కళ్ళు ఆ కథనే చూస్తాయట. చూస్తున్నది చూస్తున్నట్టు పైకి చెప్పాలి, బల్ల మీద చిన్న టేప్ రికార్డర్ తిరుగుతూ ఉంటుంది. మాట మార్చడానికి వీల్లేకుండా చేసుకున్న ఏర్పాటు అది. తర్వాత నేను కూడా అలాగే చేశాను. శ్రేయా, మీ ల్యాబ్‌లో ఎన్ని మిషన్లు ఉన్నా సరే, ఈ పద్ధతి వదలకు.

వాల్ట్ కత్తెర

వాల్ట్ మంచివాడు. కానీ ఆయన్ని నేను ఒకరోజంతా అసహ్యించుకున్నాను. ఒక రగ్గులో గుర్రం కాలు చిరిగిపోయి వచ్చింది. నల్ల ఉన్ని కావాలి. కొత్త నలుపు వేద్దామని నేను రంగులు వెతుకుతుంటే, వాల్ట్ వెనక గదిలోంచి ఇంకో పాత రగ్గు తెచ్చాడు. అంచులు పాడైపోయినా మధ్యలో నల్ల కోడిపుంజు ఠీవిగా నిలబడి ఉంది. కత్తెర తీసుకుని ఆ పుంజుని తోక దగ్గర్నుంచి కోసెయ్యడం మొదలుపెట్టాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. జీతం ఇచ్చే మనిషి చెయ్యి పట్టుకున్నానన్న ధ్యాస కూడా లేదు. "ఎవరో కళ్ళు పోగొట్టుకుని చేసిన పని అది," అన్నాను.

"సూ, కొత్త నలుపు వేస్తే ఈరోజు కలిసిపోతుంది. పదేళ్ళకి ఒకటి గోధుమరంగులోకి పోతుంది, ఇంకోటి నీలంలోకి పోతుంది. అప్పుడు గుర్రానికి చెక్క కాలు పెట్టినట్టు ఉంటుంది. పాతదానికి పాతదే కావాలి," అన్నాడు.

ఆ రోజు ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు. ఆ తర్వాత నేనూ కోశాను, చాలా కోశాను. ఒకదాన్ని బతికించడానికి ఇంకోదాన్ని చంపే పని ఇది. ఎవరైనా దీన్ని సేవ అని పిలిస్తే నమ్మవద్దు. కోసేటప్పుడు చెయ్యి కాస్త వణికితే చాలు, అదే మనకి మిగిలే మర్యాద.

గృహప్రవేశం చేసుకున్న రగ్గు

ఒక శనివారం పొద్దున్నే తెలుగులో ఫోన్. మౌనిక అనే అమ్మాయి. నేపర్‌విల్‌లో పాత ఇల్లు కొనుక్కున్నారు, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరు. ఇల్లు అమ్మిన ముసలావిడ హాల్లో పువ్వుల రగ్గు ఒకటి వదిలేసి, ఇది మా అమ్మమ్మది, జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి వెళ్ళిందట.

"ఆంటీ, చిన్న హెల్ప్ కావాలి. రగ్గు కొంచెం డ్యామేజ్ అయింది. మీరు రిపేర్ చేస్తారని మా ఫ్రెండ్ చెప్పింది," అంది.

కొంచెమే కదా, తీసుకురమ్మన్నాను. ఇద్దరూ వచ్చారు, మౌనికా, వాళ్ళాయన నవీన్. చేతుల్లో రగ్గు లేదు, నల్లటి చెత్త సంచులు ఉన్నాయి. బల్ల మీద గుమ్మరించారు. తడి పీలికల కుప్ప. ఎరుపు, ఆకుపచ్చ, మధ్యమధ్యలో చిక్కటి పసుపు.

"రగ్గేది?" అన్నాను.

"ఇదే ఆంటీ," అన్నాడు నవీన్, నా మొహంలోకి చూడకుండా.

జరిగింది ఇది. ఆ అందమైన రగ్గు మధ్యలో పీట వేసి, దానిమీద కరెంటు స్టవ్ పెట్టి పాలు పొంగించారు. పాలు బ్రహ్మాండంగా పొంగాయి. కంగారులో పసుపు గిన్నె కూడా ఒలికింది. ఇండియా నుంచి వచ్చిన నవీన్ వాళ్ళమ్మగారు, ఈ మాత్రానికి షాపులెందుకని, ఇంటి ముందు డ్రైవ్‌వేలో రగ్గు పరిచి, సర్ఫు జల్లి, హోస్ పైపు పెట్టి, చీపురుతో తోమారు. ఆవిడకి తెలిసిన తివాచీ అలాగే శుభ్రపడుతుంది. గోనె మీద గుచ్చిన పాత ఉన్నికి ఆ స్నానం పనికిరాదు. వయసైపోయిన గోనె నీళ్ళలో నానిన అట్టలాగా విడిపోతుంది.

"అత్తయ్యగారు రెండు రోజులుగా సరిగ్గా తినట్లేదు ఆంటీ. శుభమా అని చేస్తే ఇలా అయిందేంటని ఒకటే బాధ. మళ్ళీ కుట్టేయొచ్చు కదా?" అంది మౌనిక.

తిట్టడానికి నోరు తెరిచాను. ఆ అత్తగారి ఆకలి గుర్తొచ్చి మూశాను. కుట్టడానికి అక్కడ ఏమీ లేదు. కానీ పీలికలు పట్టుకుని చూస్తే మళ్ళీ ఆశ్చర్యపోయాను. అన్ని దెబ్బలు తిన్నా ఉన్ని మాత్రం గట్టిగానే ఉంది. కొత్త గుడ్డ చట్రానికి బిగించి, కొక్కెం చేతికిచ్చి, ఆ పీలికలతోనే మీ అత్తగారిని ఏదైనా వెయ్యమని పంపించాను. ఆవిడ ఇండియా వెళ్ళేలోపు గుమ్మం ముందు పరిచేంత ముగ్గు ఒకటి వేశారు. మెలికల ముగ్గు, చుక్క తప్పకుండా. పసుపు మరకలున్న పీలికల్ని ఏరి చుక్కలకి వాడారు. వాల్ట్ ఉంటే దాన్ని చూసి ఏమనేవాడో నాకు తెలియదు. నేను మాత్రం అది గొప్పదేనని ఒప్పుకున్నాను.

దాచుకున్నవాడి రగ్గులు

కొనడం మొదలుపెట్టే పిల్లలకి ఒక మాట. మా షాపుకి పాత రగ్గులు సేకరించే కలెక్టరు ఒకడు వచ్చేవాడు. రగ్గులంటే పిచ్చి. అంత పిచ్చి ఉన్నవాడు వాటి మీద కాలు పెట్టేవాడు కాదు, వెలుతురు పడనిచ్చేవాడు కాదు. బేస్‌మెంట్‌లో చుట్టలు చుట్టి, గుడ్డలు కప్పి, తాళం వేసేవాడు. చాలా ఏళ్ళకి ఒక పెద్ద నవహో రగ్గు అమ్ముదామని నన్ను పిలిచాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని విప్పాం. లోపలినుంచి తవుడులాంటిది జలజలా రాలింది. ఆ తవుడులో సన్నటి తెల్ల పురుగులు కదులుతున్నాయి. ఆ మనిషి అలా నేలమీద కూలబడి, రాలినదాన్ని రెండు చేతులతో దగ్గరికి తోసుకుంటూ కూర్చున్నాడు. మిగతా చుట్టలు విప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

ఉన్ని పురుగుకి కావలసింది చీకటీ, కదలని చోటూ. ఇంట్లోవాళ్ళు తొక్కుతూ, దులుపుతూ, తిప్పి వేస్తూ ఉండే రగ్గులో అది కాపురం పెట్టలేదు. కాబట్టి కొంటే పరచండి. పరచడానికి మనసొప్పకపోతే కొనకండి.

ఇద్దరు అక్కచెల్లెళ్ళు

నేను రిటైరవడానికి కొంచెం ముందు జరిగింది ఇది. అప్పటికి నాకు రగ్గులు చెప్పలేనిది ఏదీ లేదని గర్వంగా ఉండేది.

ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు వచ్చారు. అక్క మార్గరెట్, పొడుగ్గా, నిటారుగా, చేతికర్రతో. చెల్లెలు రూత్ కారు నడిపి తీసుకొచ్చింది. మార్గరెట్ సొంతిల్లు వదిలి వృద్ధుల హోముకి మారుతోంది. వాళ్ళమ్మ చేసిన హుక్డ్ రగ్గు ఒకటి ఆవిడ దగ్గర ఉంది. ఎవరో కలెక్టరు కొంటానన్నాడు, రగ్గు స్థితి ఎలా ఉందో మా షాపు నుంచి రాయించుకు రమ్మన్నాడు.

నా పద్ధతి ప్రకారం కథ అడగలేదు. రూత్ తనంతట తనే చెప్పింది.

"అది మా కుటుంబం బొమ్మ. అమ్మా, నాన్నా, అన్నయ్యలూ, మార్గరెట్. నా కోసం వెతక్కండి, నేను లేను. పందొమ్మిదేళ్ళప్పుడు, మా చర్చికి చెందని అబ్బాయిని చేసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయాను. ఆ చలికాలం అమ్మ ఇది చేసింది. నాన్న నా పేరు ఎత్తొద్దన్నాడు, అమ్మ ఎత్తలేదు. అమ్మ అంత్యక్రియలకి వచ్చినప్పుడు వంటింట్లో పరిచి ఉంటే మొదటిసారి చూశాను. అందరూ ఉన్నారు. నన్ను మర్చిపోయింది."

నవ్వుతూనే చెప్పింది. చాలాసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన నవ్వు అది. అప్పటికి ఆ అంత్యక్రియలు జరిగి సగం జీవితం గడిచిపోయింది. తల్లి తనని మర్చిపోయిందన్న మాట మీదే ఈవిడ ముసలిదైపోయిందని అర్థమైంది.

టేప్ ఆన్ చేసి, రగ్గుని బోర్లా వేశాను. వెనకంతా తెల్లటి లైనింగ్ గుడ్డ కుట్టి ఉంది.

"అది విప్పక్కర్లేదు. నేనే వేశాను, గోనె రాలకుండా," అంది మార్గరెట్.

"విప్పకుండా నేను రాయలేను," అన్నాను.

"విప్పండి. చూసింది చూసినట్టు చెప్పండి. ఈ వయసులో మాకు దాచేదేముంది," అంది రూత్.

కుట్లు తెంపి గుడ్డ పక్కకి తీశాను. వెలుతురు తగలని రంగులు నిన్న వేసినట్టు ఉన్నాయి. నేను పైకి చెప్పడం మొదలుపెట్టాను. గోనె బాగుంది. పని చేసిన చెయ్యి మంచిది. ప్రతి బొమ్మ చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ముడులు వేసింది. ఒక్క చోట తప్ప. తల్లికీ తండ్రికీ మధ్య ఒక ముదురాకుపచ్చ చెట్టు ఉంది. దాని వరసలు గుండ్రంగా లేవు, అడ్డంగా చాప నేసినట్టు ఉన్నాయి. ఇది ఇంకో చెయ్యి. అక్కడ గోనె కన్నాలు కూడా సాగి ఉన్నాయి, రెండుసార్లు గుచ్చినట్టు.

భూతద్దం పెట్టి చూశాను. గోనె పోగుల మధ్య సన్నటి పసుపు నూగు ఇరుక్కుని ఉంది. ఆ నూగు ఉన్నంత మేర వేలితో గీత గీసుకుంటూ వెళ్ళాను. చిన్న పిల్ల ఆకారం వచ్చింది, కోటు వేసుకున్న పిల్ల.

"ఇక్కడ మొదట ఒక చిన్న పాప ఉంది, పసుపు ఉన్నితో. తర్వాత ఎవరో లాగేసి చెట్టు వేశారు," అన్నాను. అలవాటు కొద్దీ మాట బయటికి వచ్చేసింది. అన్నాక తలెత్తి రూత్‌ని చూశాను.

"నాకు పసుపు కోటు ఉండేది. అమ్మ కుట్టింది. పొట్టైపోయాక దాచిపెట్టింది," అంది మెల్లగా. "అంటే మర్చిపోలేదు. వేసి, మళ్ళీ పీకేసింది," అంది.

మర్చిపోవడం కన్నా ఇది ఎంత ఘోరమో నాకు అప్పుడు తట్టింది. రూత్ లేచి, బల్ల మీద ఉన్న కారు తాళాలు తీసుకుంది.

"కూర్చో రూతీ," అంది మార్గరెట్. "అమ్మ కాదు, నేను."

టేప్ తిరుగుతూనే ఉంది. ఆపాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

"అమ్మ నిన్ను మధ్యలో పెట్టింది, తనకీ నాన్నకీ మధ్య. నన్ను చివర్న, కుక్క పక్కన పెట్టింది. నువ్వు వెళ్ళిపోయావు. నేను ఇంట్లో ఉండి ఇద్దరికీ చాకిరీ చేశాను. పిండి పిసికే బల్ల ముందు పరిచింది దాన్ని. ఆ పసుపు కోటు మీద కాలు పడకుండా పక్కకి జరిగి నడిచేది. పొద్దున్నా సాయంత్రమూ అది చూడలేకపోయాను. అమ్మ ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉన్నప్పుడు లాగేసి కట్టెల స్టవ్‌లో పడేశాను. చెట్టు వేశాను."

"అమ్మ ఏమంది?" రూత్ గొంతు పిల్లదాని గొంతులా ఉంది.

"ఏమీ అనలేదు. వచ్చి చూసింది. టీ పెట్టుకుంది. ఒప్పుకుందనుకున్నాను. ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాను."

పసుపు పీలికలు స్టవ్‌లో వేసిన మనిషి నా ఎదురుగా చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ కుక్క పక్కన నిలబెట్టిన పిల్ల కూడా ఆవిడే. ఇంట్లో ఉండిపోయిన పిల్లల్ని తల్లులు ఎందుకో సరిగ్గా చూసుకోరు. చెయ్యాల్సిన తర్వాతి పని చేశాను. రగ్గుని ముందువైపుకి తిప్పాను. అప్పటిదాకా నేను దాన్ని చూడనేలేదు.

చూశాను. వంగి ఇంకోసారి చూశాను. చెట్టు మీద వేళ్ళతో తడిమాను.

"చెట్టు వేశాక ఇది ఎన్నాళ్ళు నేలమీద ఉంది?" అని అడిగాను.

"అమ్మ పోయేదాకా. చాలా ఏళ్ళు," అంది మార్గరెట్. "ఆ తర్వాత నేను పెట్టెలో పెట్టేశాను."

"ఇద్దరూ ఇలా రండి," అన్నాను.

ఇద్దరి చేతులూ తీసుకుని ఆ చెట్టు మీద పెట్టాను. ముడులు ఎత్తుగా, కొత్తగా, గుండ్రంగా నిలబడి ఉన్నాయి. ఒక్కటి కూడా అణగలేదు. కాలు పడిన ఉన్ని అలా ఉండదు. బల్ల ముందు నిలబడే మనిషికి సరిగ్గా మధ్య చోటు అది. పాదాలు పడాల్సిందే అక్కడ. తర్వాత వాళ్ళ చేతుల్ని ఎడమవైపుకి జరిపాను, తండ్రి బొమ్మ మీదికి. అక్కడ రెండు గుంటలు ఉన్నాయి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, పాదాల సైజులో. ఒక గుంటలో తండ్రి ఛాతీ, ఇంకో గుంటలో మొహం. ఉన్ని పూర్తిగా అరిగిపోయి గోనె కనిపిస్తోంది.

"మీరు చెట్టు వేశాక కూడా మీ అమ్మగారు అక్కడ కాలు పెట్టలేదు. పోయేదాకా పెట్టలేదు. పక్కకి జరిగి, మీ నాన్నగారి మీద నిలబడి పిండి పిసికారు," అన్నాను.

మార్గరెట్ కుర్చీ కోసం చెయ్యి చాపింది. నేనే జరిపి కూర్చోబెట్టాను. "ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి పిసికేది. మేమంతా వెక్కిరించేవాళ్ళం. నేనూ వెక్కిరించాను," అంది. తర్వాత చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. అంత నిటారు మనిషి అలా వంగిపోవడం చూడలేకపోయాను. రూత్ ఏడవలేదు. అక్క వీపు మీద ఒక చెయ్యి, చెట్టు మీద ఒక చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంది.

కాసేపటికి నాలోని పనిమంతురాలు మేలుకుంది. చెట్టు తీసేసి పసుపు పాపని మళ్ళీ వేయగలనని, నా దగ్గర ఆ వయసు పసుపు ఉన్ని ఉందని చెప్పాను. రూత్ తల అడ్డంగా ఊపింది.

"చెట్టు తియ్యకండి. అమ్మకి అది నేనే," అంది.

మార్గరెట్ కళ్ళు తుడుచుకుంటూ, "ఆ కలెక్టరుతో రగ్గుకి పురుగు పట్టిందని చెప్తాను. నువ్వు పట్టుకుపో," అంది. రూత్, "ముందు హోములో నీ గదిలో పరుద్దాం. నేను వచ్చినప్పుడల్లా చూసుకుంటాను," అంది. క్షమించానని ఆవిడ అనలేదు. నా ఎదుట మాత్రం అనలేదు.

ఇక మిగిలింది తండ్రి. అంత పెద్ద గుంటలు వదిలేస్తే పక్కనున్న ఉన్ని కూడా జారిపోతుంది. ఏ షాపువాళ్ళైనా వాటిని పూడ్చకుండా పంపరు. వాల్ట్ అయితే అప్పటికే కత్తెర తీసుకునేవాడు. "మీ నాన్నగారి మొహం బాగుచెయ్యనా?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పూట మొదటిసారి ఇద్దరూ ఒకేలా కనిపించారు నాకు.

"వద్దు," అన్నారు ఒకేసారి.

రెండు గుంటలతో గోనె బయటపడ్డ ఆ రగ్గు మీద వంగి, టేపులోకి చెప్పాను, మరమ్మతు అవసరం లేదని.